తాజా, ఫ్రోజెన్ ఆహారాన్ని ఓడలో విదేశాలకు పంపడం: సమగ్ర మార్గదర్శి

రీఫర్, అంటే శీతల యంత్రం బిగించిన కంటైనర్, ఓడ మీద ప్రయాణించే పెద్ద ఫ్రిజ్ లాంటిదని, సరుకు నింపి తలుపు వేస్తే మిగతాదంతా యంత్రమే చూసుకుంటుందని ఈ వ్యాపారంలోకి కొత్తగా వచ్చినవారు చాలామంది అనుకుంటారు. ఎన్నో నష్టాలకు మూలం ఈ అపోహే. రీఫర్ యంత్రాన్ని సరుకును చల్లబరచడానికి తయారు చేయలేదు. అప్పటికే చల్లబడిన సరుకును అదే ఉష్ణోగ్రత వద్ద నిలిపి ఉంచడానికి తయారు చేశారు. గోడల గుండా చొరబడే వేడిని, పండ్లూ కూరగాయలూ తమంతట తాము విడుదల చేసే వేడిని బయటికి పంపేయడం వరకే దాని శక్తి. వెచ్చటి సరుకుతో నింపిన కంటైనర్‌లో మధ్య వరుస పెట్టెలు కావలసిన చల్లదనానికి చేరేసరికి రోజులు గడిచిపోతాయి. ఆ రోజుల్లో పోయిన నాణ్యత మళ్లీ రాదు.

అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం కంటైనర్ తలుపు మూయడానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది. ఓడ రేవు దాటాక పంపినవారి చేతిలో మిగిలేది చాలా తక్కువ.

1. సరుకు స్వభావం తెలుసుకోండి

ఓడలో వెళ్లే ఆహారం స్థూలంగా మూడు రకాలు. గడ్డకట్టించినది ఒకటి, గడ్డకట్టకుండా చల్లగా ఉంచిన మాంసం, పాల ఉత్పత్తుల వంటివి రెండోది, ఇంకా ప్రాణంతో ఉన్న పండ్లు, కూరగాయలు మూడోది. ఈ మూడింటికీ కంటైనర్ ఒకటే కావచ్చు, కానీ దాన్ని నడిపే తీరు పూర్తిగా వేరు.

ఫ్రోజెన్ సరుకుకు అంతర్జాతీయంగా స్థిరపడిన ప్రమాణం మైనస్ 18 డిగ్రీల సెల్సియస్. ఇది పెట్టె పైభాగంలో కాదు, సరుకు నడిమధ్యలో ఉండాల్సిన ఉష్ణోగ్రత. ఐస్‌క్రీమ్‌ను ఇంకా చల్లగా పంపుతారు. పచ్చిగా తినే ట్యూనా చేపకు మైనస్ 60 డిగ్రీల వరకు దిగే ప్రత్యేక కంటైనర్లు ఉన్నాయి. విద్యుత్తు ఆదా కోసం మైనస్ 18ని మైనస్ 15కు మార్చాలని 2023లో పరిశ్రమలోని కొన్ని సంస్థలు కూటమి కట్టాయి. ఆ చర్చ ఎటు పోయినా మీ ఒప్పందంలో, గమ్యదేశం చట్టంలో ఉన్న అంకెనే పాటించాలి.

ఫ్రోజెన్ సరుకుకు అసలు శత్రువు ఉష్ణోగ్రతలోని ఒడుదొడుకులు. మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్యలో ఆహారంలోని నీటిలో అధికభాగం మంచుగా మారుతుంది. ఈ దశను త్వరగా దాటిస్తే చిన్న స్ఫటికాలు ఏర్పడి కణాల గోడలు చెక్కుచెదరవు. నెమ్మదిగా దాటితే స్ఫటికాలు పెద్దవై గోడలను చీలుస్తాయి. కరిగించినప్పుడు రసం కారిపోవడం, ముక్క మెత్తబడటం దాని ఫలితమే. ఒకసారి బాగా గడ్డకట్టిన సరుకు కూడా దారిలో పదే పదే కాస్త వెచ్చబడి మళ్లీ చల్లబడితే చిన్న స్ఫటికాలు కలిసిపోయి పెద్దవవుతాయి, ఉపరితలం ఎండిపోతుంది. అందుకే గడ్డకట్టించే పనిని కంటైనర్‌కు ఎప్పుడూ అప్పగించకండి. అతిచల్లటి గాలిని బలంగా తోసి గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్‌లోనే అది పూర్తి కావాలి.

రెండో రకంలో వెసులుబాటు తక్కువ. వాక్యూమ్ ప్యాక్ చేసిన గొడ్డు మాంసాన్ని మైనస్ 1.5 డిగ్రీల దగ్గర, అంటే గడ్డకట్టే అంచున పంపుతారు. ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే బ్యాక్టీరియా వేగం పెరిగి నిల్వకాలం వారాల కొద్దీ తగ్గిపోతుంది. తగ్గితే మాంసం గడ్డకట్టి, చిల్డ్ సరుకుగా దానికి ఉన్న ధర పోతుంది.

మూడో రకం గురించి ఎంత చెప్పినా తక్కువే. కోసిన పండు చచ్చిపోదు. ఆక్సిజన్ పీలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, వేడిని, తేమను విడుదల చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ శ్వాసక్రియ దాదాపు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అలాగని అన్నిటినీ సున్నా దగ్గరకు తేలేం. ద్రాక్షకు సున్నా లేదా దానికి అర డిగ్రీ తక్కువ మంచిది. చాలా రకాల యాపిల్స్ 0 నుంచి 1 డిగ్రీ దగ్గర హాయిగా ఉంటాయి. అరటికాయకు 13 నుంచి 14 డిగ్రీలు కావాలి. అంతకన్నా చల్లబడితే తొక్క బూడిద రంగుకు తిరుగుతుంది, తర్వాత సరిగా పండదు. టమాటా, మామిడి కూడా చలి దెబ్బ తగిలే జాతులే. బంగాళాదుంపను మరీ చల్లగా ఉంచితే పిండి పదార్థం చక్కెరగా మారి, వేయించినప్పుడు ముక్కలు నల్లబడతాయి. చలి దెబ్బలో ఒక ఇబ్బంది ఉంది. కంటైనర్ తెరిచినప్పుడు పండు చూడటానికి బాగానే ఉండి, రెండు మూడు రోజుల తర్వాత దుకాణంలో మచ్చలు తేలవచ్చు. అప్పటికి తప్పెవరిదో తేల్చడం కష్టం.

ఉష్ణోగ్రతతోపాటు చూడాల్సినవి మరో మూడు: తేమ, గాలి మార్పిడి (లోపలి గాలి స్థానంలో బయటి తాజా గాలిని రానివ్వడం), ఎథిలీన్. చాలా పండ్లకు, ఆకుకూరలకు 85 నుంచి 95 శాతం తేమ కావాలి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం 65 నుంచి 70 శాతం దగ్గర పొడిగా ఉంటేనే మొలకెత్తకుండా, బూజు పట్టకుండా ఉంటాయి. ఎథిలీన్ అనేది పండ్లు వదిలే వాయువు, పక్కనున్న వాటిని కూడా పండిస్తుంది. యాపిల్ దాన్ని బాగా వదులుతుంది. కివీ, ఆకుకూరలు కొద్దిపాటి ఎథిలీన్‌కే దెబ్బతింటాయి. కంటైనర్‌లో ఖాళీ మిగిలింది కదా అని ఈ రెండు రకాలనూ కలిపి నింపకండి. కలిపి పంపాల్సి వస్తే నాలుగూ సరిపోలాలి: ఉష్ణోగ్రత, తేమ, ఎథిలీన్, వాసన. ఉల్లి వాసన పట్టిన యాపిల్‌ను ఎవరూ కొనరు.

ప్రయాణం మరీ పొడవైతే నియంత్రిత వాతావరణం ఉన్న కంటైనర్ గురించి ఆలోచించాలి. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను అందులో కొద్ది శాతానికి తగ్గించి, కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతారు. శ్వాసక్రియ నెమ్మదించి పండు నిద్రావస్థలోకి జారుకుంటుంది. అవకాడో, అరటి వంటివాటికి ఇది ఎంతో మేలు చేస్తుంది. అయితే కోతనాటికే ముదిరిపోయిన పండును ఏ వాయువూ వెనక్కి తీసుకురాలేదు.

2. రోజులను వెనక నుంచి లెక్కించండి

షిప్పింగ్ లైన్ చెప్పే ప్రయాణకాలం ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పట్టే సమయం మాత్రమే. మీ సరుకు వయసు మాత్రం కోసిన రోజు, వధించిన రోజు, పట్టిన రోజు నుంచే మొదలవుతుంది. కొనుగోలుదారుకు దుకాణంలో ఎన్ని రోజులు మిగలాలో ముందు రాసుకోండి. అక్కడి నుంచి వెనక్కి వస్తూ గిడ్డంగి, లారీ, కస్టమ్స్, ఆరోగ్య తనిఖీ, రేవులో దించడం, సముద్రం, దారిలో ఓడ మారితే అక్కడి నిరీక్షణ, బయలుదేరే రేవులో నిరీక్షణ, ప్యాకింగ్ అన్నీ తీసేయండి. మిగిలినవే మీ చేతిలోని అదనపు రోజులు.

దారిలో ఓడ మారే మార్గమైతే కనీసం వారం అదనంగా లేనిదే తాజా సరుకు పంపవద్దని నా గట్టి సలహా. అనుకున్న ఓడ తప్పిపోతే తర్వాతిది చాలాసార్లు వారానికి గానీ రాదు. ధర కొంచెం ఎక్కువైనా నేరుగా వెళ్లే ఓడను ఎంచుకోండి. స్ట్రాబెర్రీ వంటి అతి సున్నితమైన పండ్లకు దూర ప్రయాణమైతే విమానమే దిక్కు. ఫ్రోజెన్ సరుకుకు ఈ లెక్కలో ఎంతో వెసులుబాటు ఉంటుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు దానితో మొదలుపెట్టడం మేలు.

3. గమ్యదేశం నిబంధనలు: ఉత్పత్తికి ముందే

సరుకు సిద్ధమయ్యాక పత్రాల కోసం పరుగెత్తడం ఈ రంగంలో అత్యంత ఖరీదైన అలవాటు. మొదటి ప్రశ్న ఇది: మీ దేశంలో పండిన ఈ సరుకును ఆ దేశం అసలు అనుమతిస్తుందా? ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో 1995 నుంచి అమల్లో ఉన్న పారిశుద్ధ్య, వృక్షారోగ్య ఒప్పందం ప్రకారం ప్రతి దేశం శాస్త్రీయ ఆధారంతో తన నిబంధనలు తాను పెట్టుకోవచ్చు. ఒక దేశంలోకి స్వేచ్ఛగా వెళ్లే పండుకు పక్క దేశంలో తలుపు మూసి ఉండవచ్చు.

మొక్కల నుంచి వచ్చిన తాజా సరుకుకు వృక్షారోగ్య ధ్రువపత్రం, మాంసం, చేపలు, పాల ఉత్పత్తుల వంటి జంతు సంబంధ సరుకుకు పశువైద్య అధికారి ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. జంతు సంబంధ సరుకు విషయంలో చాలా దేశాలు మీ ఫ్యాక్టరీ పేరు తమ ఆమోదిత జాబితాలో ఉండాలంటాయి. చైనా 2022 జనవరి 1 నుంచి విదేశీ ఆహార తయారీ సంస్థల నమోదును తప్పనిసరి చేసింది. సముద్రంలో పట్టిన చేపలు అక్రమ వేటలో దొరికినవి కావని చెప్పే క్యాచ్ సర్టిఫికెట్‌ను యూరోపియన్ యూనియన్ 2010 నుంచి అడుగుతోంది. అమెరికాకు ఓడలో ఆహారం పంపితే అది చేరడానికి కనీసం 8 గంటల ముందు అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం చేరాలి. పురుగుమందుల అవశేషాల పరిమితులు, లేబుల్ భాష, తేదీ రాసే క్రమం కూడా దేశాన్నిబట్టి మారతాయి. లేబుల్ నమూనాను దిగుమతిదారుకు పంపి, రాతపూర్వకంగా సరేననిపించుకున్నాకే అచ్చుకు ఇవ్వండి.

పండు ఈగ భయం ఉన్న పండ్లకు కొన్ని దేశాలు శీతల చికిత్స అడుగుతాయి. అంటే పండు లోపలి ఉష్ణోగ్రతను నిర్ణీత స్థాయిలో, ఉదాహరణకు 1 డిగ్రీ పరిసరాల్లో, దాదాపు రెండు వారాలో అంతకన్నా ఎక్కువో నిలిపి ఉంచాలి. దీన్ని ఓడ ప్రయాణంలోనే కానివ్వవచ్చు. అందుకు పండ్లలోకి గుచ్చిన సెన్సర్లు మొత్తం కాలమంతా నమోదు చేస్తూ ఉండాలి. మధ్యలో ఉష్ణోగ్రత గీత దాటితే లెక్క మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఒక్కోసారి సరుకునే తిప్పి పంపేస్తారు.

చెక్క ప్యాలెట్ల సంగతి చాలామంది చివరి నిమిషంలో గుర్తు చేసుకుంటారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు వేడి చికిత్సలో చెక్కను నడిమధ్యలో 56 డిగ్రీల వేడి వద్ద కనీసం 30 నిమిషాలు ఉంచి ముద్ర వేయాలి. ముద్ర లేని ప్యాలెట్ వల్ల శుభ్రమైన సరుకు కూడా రేవులో ఆగిపోతుంది.

పత్రాలన్నిటిలో పేరు, బరువు, పెట్టెల సంఖ్య, లాట్ నంబరు, కంటైనర్ నంబరు, సీలు నంబరు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. ఇన్వాయిస్‌లో ఒకటి, ఆరోగ్య ధ్రువపత్రంలో ఇంకొకటి ఉంటే ఆ తేడా తేలేదాకా కంటైనర్ కదలదు. ఓడ ఎక్కాక ప్రభుత్వ ధ్రువపత్రాన్ని సవరించడం చాలా కష్టం కాబట్టి, జారీకి ముందే చిత్తుప్రతిని దిగుమతిదారుకు, అక్కడి కస్టమ్స్ ఏజెంటుకు చూపించండి.

4. ఒప్పందం, బీమా

అమ్మకం షరతుల్లో చాలామంది అలవాటుగా ఎఫ్ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) అని రాస్తారు. ఆ షరతులో సరుకు ఓడ ఎక్కేవరకు నష్టభారం అమ్మినవారిదే. కానీ కంటైనర్‌ను మీరు రేవు యార్డులో అప్పగించాక అది ఓడ ఎక్కేలోపు మీ అదుపులో ఉండదు. అందుకే కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్), అంటే రవాణాదారుకు అప్పగించగానే నష్టభారం కొన్నవారికి మారే షరతు, సరైనదని అంతర్జాతీయ వాణిజ్య మండలి చెబుతుంది. సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి అమ్మే సీఐఎఫ్ షరతులో అమ్మినవారు చేయాల్సిన బీమా అతి తక్కువ రక్షణ ఇచ్చేది. చల్లదనం పోవడం వల్ల వచ్చే నష్టం సాధారణంగా అందులోకి రాదు.

కాబట్టి ఆహార సరుకుకు ప్రత్యేకించిన బీమా షరతులు అడగండి, అడిగాక వాటిని పూర్తిగా చదవండి. ఫ్రోజెన్ ఆహారానికి వాడుకలో ఉన్న ప్రామాణిక షరతుల్లో శీతల యంత్రం వరుసగా కనీసం 24 గంటలు ఆగిపోతేనే ఉష్ణోగ్రత నష్టానికి పరిహారం. 20 గంటలు ఆగి సరుకు కరిగినా చేతికి ఏమీ రాకపోవచ్చు. ఆలస్యం వల్ల వచ్చిన నష్టాన్ని సముద్ర బీమా మామూలుగా మినహాయిస్తుంది. తాజా పండ్లకు ఉన్న అతి పెద్ద ప్రమాదం ఆలస్యమే. యంత్రం ఆగడం, ఆలస్యం గురించిన ఈ రెండు షరతులు పాలసీలో ఎలా ఉన్నాయో ప్రీమియం కట్టకముందే తేల్చుకోండి.

5. బుకింగ్

40 అడుగుల ఎత్తైన రీఫర్ కంటైనర్ ఈ రంగంలో అందరూ వాడేది. దాని లోపల సుమారు 67 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. బరువైన సరుకు కొద్దిగా ఉంటే 20 అడుగులది చాలు. రెండు చివర్లా రోడ్డు మీద అనుమతించే బరువు ఎంతో కనుక్కోండి. చాలాచోట్ల కంటైనర్ మోయగల బరువుకన్నా అది తక్కువ. ఓడలో రీఫర్లకు కరెంటు ప్లగ్గులు పరిమితం. పంట కాలంలో ఖాళీ కంటైనర్లు కూడా దొరకవు. వారాల ముందే మాట్లాడుకోండి.

బుకింగ్ పత్రంలో సరుకు పేరు, ఉష్ణోగ్రత, గాలి మార్పిడి, తేమ, వాయు మిశ్రమం, శీతల చికిత్స ఉందా లేదా అన్నవి స్పష్టంగా ఉండాలి. ఉష్ణోగ్రతను అంకెతో మాత్రమే వదిలేయకండి. ఒక చిన్న అడ్డగీత ప్రింటులో మాయమైతే మైనస్ 18 కాస్తా ప్లస్ 18 అవుతుంది. "మైనస్ పద్దెనిమిది డిగ్రీల సెల్సియస్" అని అక్షరాల్లో రాయండి. గాలి మార్పిడిని శాతంలో కాకుండా గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని రాయండి. యాభై శాతం అంటే యంత్రం తయారీనిబట్టి అర్థం మారిపోతుంది. ఫ్రోజెన్ సరుకుకు, నియంత్రిత వాతావరణానికి ఈ బయటి గాలి వచ్చే కిటికీ పూర్తిగా మూసి ఉండాలి. తెరిచి ఉంటే బయటి తేమ లోపలికి వచ్చి కాయిల్ (యంత్రంలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు పేరుకుంటుంది. బుకింగ్ ఖరారు పత్రం చేతికి రాగానే ప్రతి అంకెనూ మీరు అడిగినదానితో సరిచూడండి.

6. ప్యాకింగ్, ముందస్తు శీతలీకరణ

పొలం వేడిని ఎంత త్వరగా తీసేస్తే పండు అంత ఎక్కువ కాలం బతుకుతుంది. బలంగా గాలి తోసే చల్లని గదులు, చల్లటి నీటిలో ముంచడం, ఆకుకూరలకు వాక్యూమ్ పద్ధతి అనేవి వాడుకలో ఉన్న మార్గాలు. మామూలు శీతల గిడ్డంగిలో ప్యాలెట్లు పేర్చి రాత్రంతా వదిలేస్తే బయటి పెట్టెలు చల్లబడతాయి, లోపలివి వెచ్చగానే ఉంటాయి. ప్యాలెట్ మధ్యలోని పండులోకి థర్మామీటర్ గుచ్చి చూడనిదే చల్లబడిందని నమ్మకండి.

అట్టపెట్టె తేమ తగిలితే బలం కోల్పోతుంది. వారాల తరబడి 90 శాతం తేమలో నిలబడాల్సిన పెట్టెను పొడి గిడ్డంగిలో పరీక్షించి ఎంచుకుంటే అడుగు వరుస నలిగిపోతుంది. పెట్టె బలమంతా నాలుగు మూలల్లో ఉంటుంది కాబట్టి మూల మీద మూల వచ్చేలా నిటారుగా పేర్చాలి. తాజా సరుకు పెట్టెలకు అడుగునా పైనా రంధ్రాలు ఉండి, పేర్చినప్పుడు అవి ఒకదానితో ఒకటి కలవాలి. ప్యాలెట్ పలకలు ఆ రంధ్రాలను మూసేయకూడదు. ఫ్రోజెన్ పెట్టెలకు రంధ్రాలు అక్కర్లేదు.

7. ఖాళీ కంటైనర్ వచ్చినప్పుడు

ప్రయాణానికి ముందు యంత్రాన్ని పరీక్షించినట్టు తెలిపే స్టిక్కర్, దాని తేదీ చూడండి. లోపలికి వెళ్లి వాసన చూడండి. గత సరుకు చేపలైతే మీ వెన్నకు ఆ వాసన పడుతుంది. నేల పట్టీల మధ్య చెత్త లేకుండా, నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా ఉండాలి. తలుపు రబ్బరు చుట్టూ చేయి పెట్టి చిరుగులు వెతకండి. బయట ఒక మనిషిని నిలబెట్టి తలుపు మూయించి లోపల ఎక్కడైనా వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. నచ్చకపోతే తిరస్కరించండి. మొహమాటానికి తీసుకున్న కంటైనర్ గురించి తర్వాత ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు.

కంటైనర్‌ను ముందుగా చల్లబరచాలా అన్న ప్రశ్నకు జవాబు మీ లోడింగ్ చోటునుబట్టి ఉంటుంది. శీతల గిడ్డంగి తలుపు, కంటైనర్ తలుపు బయటి గాలి చొరకుండా అతుక్కుని ఉంటే చల్లబరచడం మంచిదే. ఆరుబయట లోడ్ చేస్తుంటే వద్దు. చల్లటి గోడలకు వెచ్చటి గాలి తగలగానే నీరు కారి పెట్టెలను తడుపుతుంది, ఆ నీరు కాయిల్ మీద మంచై కూర్చుంటుంది.

8. లోడింగ్

తలుపు తెరిచి ఉన్నంతసేపూ యంత్రం ఆపి ఉంచాలి. నడుస్తూ ఉంటే అది బయటి వెచ్చటి తేమగాలిని లోపలికి పీలుస్తుంది.

చల్లగాలి ఎటు వెళ్తుందో తెలిస్తే లోడింగ్ నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ముందు గోడలో ఉన్న యంత్రం నుంచి గాలి కింద నేలలోకి వస్తుంది. నేల పొడవునా టీ అక్షరం ఆకారపు అల్యూమినియం పట్టీలు ఉంటాయి. వాటి మధ్య కాలువల్లో గాలి తలుపు వైపు సాగుతూ సరుకు గుండా పైకి లేచి, కప్పు కింద నుంచి మళ్లీ యంత్రానికి చేరుతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడి నుంచే పైకి పోతుంది, పెట్టెల గుండా వెళ్లదు. కాబట్టి తాజా సరుకు నేలనంతా కప్పాలి. ప్యాలెట్ల మధ్య, తలుపు దగ్గర మిగిలిన నేలను గట్టి అట్టతో మూసేయాలి. గోడల మీదున్న ఎర్ర గీతను దాటి పేర్చకూడదు, ఎందుకంటే దానిపై ఖాళీయే గాలి తిరిగి వెళ్లే దారి. నేల పట్టీలు ముగిసే చోటు దాటి తలుపు వైపు సరుకు రాకూడదు. ఫ్రోజెన్ సరుకులో గాలి పెట్టెల గుండా పోనక్కర్లేదు. సరుకు దిమ్మ చుట్టూ తిరిగి, గోడల నుంచి వచ్చే వేడిని దారిలోనే పట్టుకుంటే చాలు.

గాలి ప్రసరణ ప్రాముఖ్యం ఈ వ్యాపారం పుట్టినప్పుడే తెలిసింది. 1882 ఫిబ్రవరి 15న న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ నుంచి గడ్డకట్టించిన మాంసంతో డునెడిన్ అనే తెరచాప ఓడ బయలుదేరింది. ఉష్ణమండలంలో సరుకుకు చల్లగాలి సరిగా అందడం లేదని గ్రహించిన కెప్టెన్ విట్సన్ స్వయంగా శీతల గదిలోకి పాకి, గాలి కోసం కొత్త రంధ్రాలు కోశాడు. చలికి స్పృహ తప్పే స్థితిలో ఉన్న ఆయన్ను సిబ్బంది తాడుతో బయటికి లాగారు. 98 రోజుల తర్వాత ఆ మాంసం మంచి స్థితిలో లండన్ చేరింది. నేటి కంటైనర్‌లో అలా లోపలికి వెళ్లి సరిదిద్దే వీలు ఎవరికీ లేదు. దారి మూసి పేర్చిన సరుకు చివరిదాకా అలాగే ఉంటుంది.

లోడింగ్ మొదట్లో, మధ్యలో, చివర్లో సరుకు లోపలి ఉష్ణోగ్రతను కొలిచి, థర్మామీటర్ అంకె కనిపించేలా ఫొటో తీయండి. ఖాళీ కంటైనర్, సగం నిండినది, పూర్తిగా నిండినది, మూసిన తలుపు, సీలు, యంత్రం తెర మీది అంకెలు కూడా ఫొటోల్లో ఉండాలి. కనీసం రెండు డేటా లాగర్లు (ఉష్ణోగ్రతను నమోదు చేస్తూ ఉండే చిన్న పరికరాలు) పెట్టండి. సరుకు మధ్యలో ఒకటి, తలుపు దగ్గర పైవరుసలో ఒకటి. తలుపు మూల సాధారణంగా అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది. వాటి నంబర్లు, అవి ఉన్న చోట్లు దిగుమతిదారుకు పంపకపోతే అవి అట్టలతో పాటు చెత్తలోకి పోతాయి.

9. తలుపు మూశాక, రేవు దాకా

బలమైన బోల్టు సీలు వేసి, ఆ నంబరును అన్ని పత్రాల్లో సరిచూసుకోండి. 2016 జులై 1 నుంచి సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం, ధ్రువీకరించిన మొత్తం బరువు ముందుగా ఇవ్వని కంటైనర్‌ను ఓడ ఎక్కించరు. యంత్రాన్ని ఆన్ చేసి, ఉష్ణోగ్రత, గాలి కిటికీ మీరు అడిగినట్టే ఉన్నాయని చూశాకే లారీని కదలనివ్వండి. రోడ్డు మీద యంత్రాన్ని నడపడానికి జనరేటర్ కావాలి. దూరం కొంచెమే కదా అని అది లేకుండా పంపితే ట్రాఫిక్‌లో, రేవు గేటు వరుసలో గంటలు గడిచిపోతాయి. రేవులో ప్లగ్గు పెట్టారని యార్డు నుంచి సమయంతో సహా ఖరారు తెప్పించుకోండి.

10. సముద్రం మీద

ఇప్పుడు చాలా షిప్పింగ్ లైన్లు దూరం నుంచే కంటైనర్ ఉష్ణోగ్రత చూసే వీలు కల్పిస్తున్నాయి. అందులో రెండు అంకెలు కనిపిస్తాయి: లోపలికి పంపే గాలిది, తిరిగి వచ్చే గాలిది. తాజా, చిల్డ్ సరుకులో యంత్రం పంపే గాలిని నియంత్రిస్తుంది, ఫ్రోజెన్ సరుకులో తిరిగి వచ్చే గాలిని. తాజా పండ్లలో తిరిగి వచ్చే గాలి కాస్త వెచ్చగా ఉండటం సహజమే, ఆ తేడా రోజురోజుకూ తగ్గుతూ రావాలి. పెరుగుతుంటే సరుకు వెచ్చగా లోడ్ అయిందనో, గాలి దారి మూసుకుందనో అర్థం. అప్పుడప్పుడు కొద్దిసేపు అంకె పైకి లేచి దిగితే కంగారు పడకండి, కాయిల్ మీది మంచును యంత్రం కరిగించుకుంటోంది. గంటల తరబడి దిగకపోతే వెంటనే షిప్పింగ్ లైన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఓడ సిబ్బంది చిన్న మరమ్మతులు చేయగలరు. తర్వాతి రేవులో సాంకేతిక నిపుణుణ్ని సిద్ధంగా ఉంచమని అడగవచ్చు.

11. చేరాక

ఓడ చేరేలోపే పత్రాలన్నీ దిగుమతిదారు చేతిలో ఉండాలి. అద్దె లేకుండా ఉంచుకోనిచ్చే ఉచిత రోజులు దాటితే యార్డు అద్దె, కంటైనర్ అద్దె, కరెంటు ఖర్చు మూడూ రోజురోజుకూ పెరుగుతాయి. అధికారులు తనిఖీకి తలుపు తెరవాలంటే చల్లటి డాక్‌లో తెరిచే ఏర్పాటు కోరండి.

నియంత్రిత వాతావరణం ఉన్న కంటైనర్‌లోకి తెరిచిన వెంటనే ఎవరూ వెళ్లకూడదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిని ఒకట్రెండు సార్లు పీలిస్తేనే మనిషి పడిపోవచ్చు. తలుపులు బార్లా తెరిచి పూర్తిగా గాలి ఆడనిచ్చి, ఆక్సిజన్ కొలిచాకే అడుగు పెట్టాలి. దించే పనివారికి ఈ సంగతి వారి భాషలో తలుపు మీద రాసి ఉండాలి.

సీలు నంబరు సరిచూసి, తలుపు తెరవగానే ఫొటోలు తీసి, దించుతూ ఉండగా ముందు, మధ్య, చివర సరుకు ఉష్ణోగ్రత కొలవాలి. ఫ్రోజెన్ పెట్టెల్లో అడుగున గడ్డకట్టిన రసం, ఆకారం మారిన ముక్కలు, మరకలు పట్టిన అట్ట కనిపిస్తే అది దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు లెక్క. నష్టం కనిపిస్తే దించడం ఆపి, షిప్పింగ్ లైన్‌కు, బీమా సంస్థకు అదే రోజు రాతపూర్వకంగా తెలిపి, ఉమ్మడి సర్వేకు పిలవండి. సముద్ర రవాణాదారు బాధ్యతను నిర్ణయించే, చాలా మార్గాల్లో వర్తించే హేగ్-విస్బీ నియమాల ప్రకారం పైకి కనిపించని నష్టాన్ని సరుకు అందిన 3 రోజుల్లో తెలియజేయాలి, దావా ఏడాదిలోపు వేయాలి. రవాణాదారు బాధ్యత కూడా పరిమితమే: పెట్టెకు 666.67 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం) లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. నష్టం జరిగిందని సరుకును అలాగే వదిలేయకూడదు. మంచి పెట్టెలను వేరు చేసి అమ్మడం, మిగతాది తగ్గింపు ధరకైనా వదిలించుకోవడం మీ బాధ్యతగానే చూస్తారు.

డేటా లాగర్ల నమోదుతోపాటు, కంటైనర్ యంత్రంలోని సొంత రికార్డును కూడా షిప్పింగ్ లైన్ నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఖాళీ కంటైనర్ తిరిగి వెళ్లి ఇంకో సరుకుకు కేటాయించకముందే అడగాలి. లోడింగ్ నాటి మీ ఫొటోలు, థర్మామీటర్ అంకెలు, ఈ రెండు రికార్డులు పక్కపక్కన పెడితే సరుకు ఏ గంటకు, ఎవరి చేతిలో ఉండగా వెచ్చబడిందో తేలిపోతుంది. క్లెయిము దరఖాస్తు వాటితోనే మొదలుపెట్టండి.